టోల్కీన్ ఊహాలోకం – వాస్తవ భూభాగాలు: లోక, శాస్త్ర, కావ్యావేక్షణల దృష్టి

వ్యాససంగ్రహం:
ఇంగ్లీషు రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) సృష్టించిన మిడిల్ ఎర్త్ అనే కల్పితలోకంలోని ప్రాంతాలకూ, వాస్తవ భూభాగాలకూ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ సంబంధం అంతటా ఒకే తీరుగా లేదనీ, మమ్మటుడు కావ్యహేతువులో చెప్పిన లోక, శాస్త్ర, కావ్యావేక్షణల వెలుగులో చూస్తే అందులోని తేడాలు తేటపడతాయనీ ప్రతిపాదిస్తుంది. ఇందుకు రచయిత లేఖలను, రచనాకాలాలను ప్రధాన ఆధారాలుగా గ్రహించడమైంది.

కీలక పదాలు: టోల్కీన్, మిడిల్ ఎర్త్, కల్పిత భూగోళం, కావ్యహేతువు, నిపుణత, తులనాత్మక అధ్యయనం.

1. ప్రవేశిక

కల్పితలోకం గల నవల ప్రసిద్ధి పొందగానే అందులోని కొండకూ కోటకూ భూమ్మీద చిరునామా వెతకడం మొదలవుతుంది. టోల్కీన్ రాసిన 'ది హాబిట్' (1937), 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) విషయంలో ఈ వెతుకులాట చాలా దూరం వెళ్ళింది. ఇంగ్లండ్‌లోని పలు పట్టణాలు తామే ఆ లోకానికి మూలమని చెప్పుకుంటున్నాయి. పర్యాటకానికి అది పనికివచ్చే మాటే. పరిశోధకుడు మాత్రం 'ప్రేరణ' అనే ఒక్క పదం కింద ఎన్ని వేర్వేరు సంబంధాలు కలగలిసిపోతున్నాయో గమనించాలి. కళ్ళతో చూసిన లోయ, పుస్తకంలో చదివిన అడవి, అట్లాసులో లెక్కగట్టిన అక్షాంశం ఒకే రకమైన మూలాలు కావు.

ఈ విభజనకు మన అలంకారశాస్త్రంలోనే ఒక కొలమానం ఉంది. 11వ శతాబ్దికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడూ కలిసి కావ్యానికి ఒకే హేతువు అవుతాయన్నాడు. వాటిలో నిపుణత అనేది లోకాన్నీ, శాస్త్రాలనూ, కావ్యాలనూ పరిశీలించడం వల్ల కలుగుతుంది. ఇంగ్లీషు నవలకు సంస్కృత లక్షణాన్ని అతికించడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆధారాలను విడదీసి చూడటానికి ఈ మూడు మాటలు బాగా ఉపకరిస్తాయి.

2. లోకావేక్షణ: చూసిన నేల

టోల్కీన్ పుట్టింది దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటేన్‌లో. మూడేళ్ళ వయసులో తల్లితో ఇంగ్లండ్ వచ్చారు. 1896లో తండ్రి మరణించాక ఆ కుటుంబం బర్మింగ్‌హామ్ శివార్లలోని సేర్‌హోల్ అనే పల్లెలో సుమారు నాలుగేళ్ళు నివసించింది. అక్కడ వాగు నీటితో తిరిగే పిండిమర ఉండేది. ఒళ్ళంతా పిండితో తెల్లగా కనిపించే మరవాడి కొడుకుకు టోల్కీన్ సోదరులు 'తెల్ల రాక్షసుడు' అని పేరు పెట్టుకున్నారు. హాబిట్లు నివసించే షైర్ అనే సీమలోనూ వాగు ఒడ్డున ఒక మర, దానికొక యజమాని ఉన్నారు.

ఇక్కడితో ఆగి 'సేర్‌హోలే షైర్' అని తేల్చేయడం తేలిక. కానీ నవల రెండో కూర్పు ముందుమాటలో టోల్కీన్ ఈ పోలికను ఒక చిన్న చమత్కారంతో సడలించారు. తన చిన్ననాటి ముసలి మరవాడికి నల్లగడ్డం ఉండేదనీ, అతని పేరు శాండీమన్ కాదనీ అన్నారు. శాండీమన్ నవలలోని మరవాడి పేరు. పదేళ్ళు నిండకముందే తన బాల్యసీమ ధ్వంసమవుతూ వచ్చిందని కూడా అక్కడే రాశారు. 1955 నాటి ఒక లేఖలో షైర్‌ను విక్టోరియా రాణి వజ్రోత్సవకాలం నాటి వార్విక్‌షైర్ పల్లెతో పోల్చారు. ఆ ఉత్సవం జరిగింది 1897లో. అంటే ఆయన చెబుతున్నది ఊరి సంగతి మాత్రమే కాదు, ఒక ఊరిలో గడిచిపోయిన ఒక కాలం సంగతి. నేటి పటంలో సేర్‌హోల్‌ను గుర్తించినా షైర్‌కు మూలమైన వస్తువు అక్కడ దొరకదు. నవల చివర హాబిట్లు తిరిగివచ్చేసరికి షైర్‌లో చెట్లు నరికి ఉండటం, పాత మర స్థానంలో కొత్తది వెలసి ఉండటం ఈ దృష్టితో చదవవలసిన ఘట్టాలు.

రెండో ఉదాహరణ ఆల్ప్స్ పర్వతాలు. 1911 వేసవిలో, 19 ఏళ్ళ వయసులో, టోల్కీన్ ఒక బృందంతో కలిసి స్విట్జర్లాండ్‌లో కాలినడకన తిరిగారు. దాదాపు అరవై ఏళ్ళ తరువాత తన కుమారుడు మైకేల్‌కు రాసిన లేఖలో ఆ యాత్రను వివరంగా తలచుకున్నారు. ఆలెచ్ హిమానీనదం పక్కన వరుసగా నడుస్తుండగా ఎండకు మంచు కరిగి పైనుంచి బండరాళ్ళు దొర్లాయి. ఒక పెద్ద రాయి ఆయనకూ, ముందు నడుస్తున్న ఉపాధ్యాయురాలికీ మధ్యగా దూసుకుపోయింది. 'ది హాబిట్'లో బిల్బో రివెండెల్ నుంచి పర్వతాలు దాటి అవతలికి చేరే ప్రయాణం, జారే రాళ్ళ మీదుగా కిందికి కొట్టుకుపోవడంతో సహా, ఈ 1911 అనుభవాల మీద ఆధారపడిందని ఆయనే చెప్పారు. యుంగ్‌ఫ్రావ్ పక్కనున్న సిల్బర్‌హార్న్ శిఖరమే తన కలల కెలెబ్‌దిల్ అనీ రాశారు. సిల్బర్‌హార్న్ అంటే జర్మన్‌లో వెండికొమ్ము. కెలెబ్‌దిల్‌లోనూ వెండి అనే అర్థముంది. శిఖరంతో పాటు దాని పేరు కూడా అనువాదమై ఊహాలోకంలోకి వెళ్ళిందన్నమాట. భాషాశాస్త్రవేత్త అయిన రచయితకు ఇది సహజమే.

అయితే ఇదే లేఖ ఆధారంగా లౌటర్‌బ్రునెన్ లోయే రివెండెల్ అని తరచూ రాస్తుంటారు. రెండువైపులా నిలువు కొండచరియలు, వాటి మీంచి దూకే జలపాతాలు గల ఆ లోయకూ, టోల్కీన్ స్వయంగా గీసిన రివెండెల్ చిత్రానికీ పోలిక బలంగానే ఉంది. రివెండెల్ నది పేరు బ్రూయినెన్ కావడం ఆ ఊహకు మరింత ఊతమిస్తుంది. అయినా ఆ లేఖ నేరుగా చెప్పింది ప్రయాణం గురించి, రాళ్ళ గురించి, శిఖరం గురించి. లోయ విషయం మనం పోలిక వల్ల చేసిన అనుమానం. ప్రత్యక్షోక్తికీ అనుమానానికీ నడుమ ఈ గీత చెరిగిపోకూడదు.

అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం చెడ్డర్ గుహలది. హెల్మ్స్ డీప్ యుద్ధం తరువాత గిమ్లీ అనే మరుగుజ్జు, మెరిసే గుహల అందాన్ని లెగోలస్‌కు వర్ణిస్తాడు. ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలోని చెడ్డర్ గుహలే దానికి ఆధారమనీ, 1940లో వాటిని మళ్ళీ చూసి వచ్చాక ఆ భాగం రాశాననీ, అంతకుముందు వివాహం కొత్తలో చూసినప్పటి జ్ఞాపకం కూడా అందులో కలిసిందనీ 1971 నాటి లేఖలో టోల్కీన్ తెలిపారు. ఆయన వివాహం 1916లో. ఒకే స్థలాన్ని రెండుసార్లు చూడటం, ఆ నడుమ అది యాత్రికుల వ్యాపారస్థలంగా మారిపోవడం, మొదటి జ్ఞాపకం రెండో చూపుకు రంగు వేయడం ఇవన్నీ ఆ కొద్ది వాక్యాల్లోనే ఉన్నాయి.

3. కావ్యావేక్షణ: చదివిన నేల

శవాల ముఖాలు నీటి అడుగున కనిపించే చిత్తడినేల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో మరపురాని ప్రదేశం. టోల్కీన్ 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో సంకేతాల అధికారిగా పనిచేశారు. ఆ యుద్ధపు మొదటి రోజున, జులై 1న, బ్రిటిష్ సైన్యంలో మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిసి 57 వేలకు పైనే. కొన్ని నెలలకు ట్రెంచ్ ఫీవర్ సోకి ఆయన ఇంగ్లండ్ చేరుకున్నారు. కాబట్టి ఆ చిత్తడినేల సోమ్ యుద్ధభూమే అని విమర్శకులు అనడంలో ఆశ్చర్యం లేదు.

1960 డిసెంబర్ 31న రాసిన లేఖలో ఆయన ఇచ్చిన సమాధానం మరోలా ఉంది. ఆ చిత్తడినేలలూ, మోర్డోర్ ద్వారానికి చేరువలోని భూములూ సోమ్ తరువాతి ఉత్తర ఫ్రాన్స్‌కు కొంత రుణపడి ఉన్నాయని ఒప్పుకుంటూనే, విలియం మారిస్ గద్యకథలకు అంతకంటే ఎక్కువ రుణపడి ఉన్నాయని చెప్పి, ఆయన రచనలు రెండింటిని పేర్కొన్నారు. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే ఉదాహరించడం విమర్శలో అలవాటైపోయింది. అనుభవం గొప్ప మూలం, చదువు తక్కువ మూలం అనే ఆధునిక అభిమానం దీని వెనుక ఉందని నా అభిప్రాయం. మన కావ్య పాఠకులకు ఈ చిక్కు అంతగా ఉండదు. మనుచరిత్రలో ప్రవరుడు చూసిన హిమాలయం గురించి మాట్లాడేటప్పుడు పెద్దన అక్కడికి వెళ్ళాడా అని ముందుగా అడగము. పర్వతవర్ణన సంప్రదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాం. లోకం, కావ్యం ఒకే వర్ణనలో కలిసి పనిచేస్తాయని మమ్మటుడి ఏకవచనం గుర్తుచేస్తుంది.

4. శాస్త్రావేక్షణ: లెక్కగట్టిన నేల

తాను ముందు పటం గీసుకుని కథను దానికి సరిపెట్టానని టోల్కీన్ చెప్పుకున్నారు. 1967 నాటి లేఖలో హాబిటన్, రివెండెల్ ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం మీద ఉన్నాయనుకుంటే, 600 మైళ్ళు దక్షిణాన ఉన్న మినాస్ తిరిత్ నగరం ఫ్లోరెన్స్ అక్షాంశానికి వస్తుందన్నారు. లెక్క చూస్తే ఆక్స్‌ఫర్డ్‌కూ ఫ్లోరెన్స్‌కూ నడుమ సుమారు 8 డిగ్రీలు. డిగ్రీకి 69 మైళ్ళ చొప్పున 552 మైళ్ళు. మాట ఉజ్జాయింపుగా సరిపోతుంది. చిత్రకారిణి పాలిన్ బేన్స్ కొత్త పటం గీస్తున్నప్పుడు ఆమె కోసం టోల్కీన్ వివరాలు రాసిచ్చిన పటం ఒకటి 2015లో వెలుగులోకి వచ్చింది. మరుసటి ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి చేరింది. అందులో మినాస్ తిరిత్‌కు రవెన్నా అక్షాంశాన్ని, పటం అడుగు అంచుకు జెరూసలేం అక్షాంశాన్ని సూచించారు.

దీన్నిబట్టి మినాస్ తిరిత్ ఇటలీ నగరమని అర్థం కాదు. అక్షాంశం ఇక్కడ పోలిక కాదు, వాతావరణ సూత్రం. దాని ఫలితం ఇథిలియన్ అనే సీమలో కనిపిస్తుంది. ఉత్తరాది చలినేల నుంచి వచ్చిన శామ్, ఫ్రోడోలకు అక్కడ ఆలివ్, బే, మిర్టిల్, థైమ్, సేజ్ వంటి మధ్యధరా మొక్కలు ఎదురవుతాయి. ఈ అధ్యాయం 1944లో రాసినది; టోల్కీన్ ఇటలీ యాత్ర చేసింది 1955లో. ఈ వనాన్ని ఇటలీ యాత్రాజ్ఞాపకంగా చెప్పడానికి వీలులేదు. ఇది భూగోళ, వృక్షశాస్త్రాల నుంచి ఎదిగిన వర్ణన.

5. తారుమారైన దిశ

పరిశోధకులు ఎక్కువగా పొరబడే చోటు ఇదే. లాంకషైర్‌లోని స్టోనీహర్స్ట్ పరిసరాలే షైర్‌కు మూలమనే ప్రచారం ఉంది. టోల్కీన్ అక్కడ బస చేసిన మాట నిజమే, కానీ అది 1940లలో. హాబిటన్ 1937 నాటికే అచ్చులో ఉంది. బర్మింగ్‌హామ్‌లోని రెండు ఎత్తైన గోపురాలే 'ది టూ టవర్స్' అనే మాటకు మరో ప్రచారం. ఆయన ఎక్కడా అలా చెప్పలేదు. న్యూజిలాండ్ సంగతి ఇంకా విచిత్రం. టోల్కీన్ ఆ దేశం వెళ్ళనే లేదు. 2001–2003 నడుమ విడుదలైన సినిమాల చిత్రీకరణ వల్ల అక్కడి కొండలు లక్షలాది మంది మనసులో మిడిల్ ఎర్త్‌గా స్థిరపడ్డాయి.

రచయిత కూడా ఈ తిరుగుదిశకు అతీతుడు కాడు. 1955 ఇటలీ యాత్రలో వెనిస్‌ను చూసినప్పుడు, అది ప్రాచీన గోండోర్‌లా, దాని ఓడరేవు పెలార్గిర్‌లా తనకు తోచిందని టోల్కీన్ రాసుకున్నారు. అప్పటికి నవల పూర్తయి ఏళ్ళు గడిచాయి. వెనిస్ గోండోర్‌ను పుట్టించలేదు. గోండోర్‌ను ఊహించిన కన్ను వెనిస్‌ను ఆ విధంగా చూసింది. గోండోర్ ఆధారాల పట్టికలో ఈ వాక్యాన్ని చేర్చిన పరిశోధకుడు దాన్ని అక్కడినుంచి తీసి, రచయిత తన రచనకే పాఠకుడైన సందర్భాల కింద నమోదు చేయవలసి ఉంటుంది.