ఫైలు పేరు మీద పేటెంటు పేచీ

కాపీరైటు కోడును కాపాడుతుంది. అదే పని చేసే ప్రోగ్రామును ఇంకొకరు సొంతంగా రాసుకుంటే దానికి అభ్యంతరం లేదు. పేటెంటు అలా కాదు. పని జరిగే పద్ధతి మీదే హక్కు ఇస్తుంది. ఎవరి కోడూ చూడకుండా, పేటెంటు ఉన్న సంగతే తెలియకుండా రాసినా ఉల్లంఘనే అవుతుంది. ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లకు చిక్కు ఇక్కడే వచ్చింది.

డిస్కులో ఫైళ్లను అమర్చే మైక్రోసాఫ్ట్ వారి పద్ధతి, ఫాట్ ఫైల్ సిస్టమ్ సంగతే చూడండి. డాస్ కాలంలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తరువాత మూడు, అంతే చోటు. విండోస్ 95లో పొడవాటి పేర్లు వచ్చాయి. పాత ప్రోగ్రాములు తికమకపడకుండా ఒక్కో ఫైలుకు రెండేసి పేర్లు రాసేవారు: అసలు పేరు ఒకటి, దాని మొదటి ఆరు అక్షరాలకు వంకరగీత, అంకె తగిలించిన పొట్టి పేరు ఇంకొకటి. ఈ ఏర్పాటు మీద ఆ సంస్థకు 1996లో, 1998లో అమెరికా పేటెంట్లు దక్కాయి. నిజానికి ఇందులో మహా ఆవిష్కరణ ఏమీ లేదు. అయితే కెమెరా కార్డులు, పెన్‌డ్రైవులు అన్నీ ఫాట్‌లోనే ఉండేవి. దాన్ని కాదని పరికరం అమ్ముకోవడం కుదిరేది కాదు. పేటెంటుకు విలువ వచ్చింది ఆ అనివార్యత వల్లే.

2009 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్, వాహనాలకు దారి చూపే పరికరాలు చేసే నెదర్లాండ్స్ కంపెనీ టామ్‌టామ్ మీద ఎనిమిది పేటెంట్లతో దావా వేసింది. వాటిలో మూడు ఆ పరికరాలను నడిపే ఓపెన్ సోర్స్ వ్యవస్థ లినక్స్ కెర్నల్‌కు సంబంధించినవి. టామ్‌టామ్ ఎదురు దావా వేసింది. మార్చి నెలాఖరుకే రాజీ కుదిరింది. టామ్‌టామ్ డబ్బు కట్టడానికి, పొడవాటి పేర్ల సదుపాయాన్ని రెండేళ్లలో తీసేయడానికి ఒప్పుకుంది. ఆ పేటెంట్లు నిలుస్తాయో లేదో ఆ దావాలో కోర్టు తేల్చనే లేదు.

డబ్బు కట్టి ఊరుకోవడం లినక్స్‌కు కుదరదు. దాన్ని ఎవరైనా ఉచితంగా కాపీ చేసుకోవచ్చు, కాబట్టి కాపీకి ఇంత అని లెక్కకట్టే వీలే లేదు. పైగా రాయల్టీ కట్టినవారికే పంచాలన్న షరతు వచ్చిపడితే అసలు పంచనే కూడదని దాని లైసెన్సు జీపీఎల్ చెబుతుంది. అందుకే, విండోస్‌తో ఫైళ్లు పంచుకోవడానికి వాడే సాంబా ప్రోగ్రాము సృష్టికర్త ఆండ్రూ ట్రిడ్జెల్ అదే ఏడాది లినక్స్‌కు ఒక ప్యాచ్ (సవరణ కోడు) రాశాడు. పేటెంటు పట్టు రెండు పేర్లూ కలిపి రాయడం మీదే ఉంది. పేరు పొట్టిదైతే పొట్టి పేరే, పొడుగుదైతే పొడుగు పేరే రాసి, పొట్టి పేరు చోటును చెల్లని అక్షరాలతో నింపితే చాలునన్నది ఆయన ఆలోచన.

ఇంకో దారి, కలిసికట్టుగా నిలబడడం. ఐబీఎం, సోనీ, రెడ్ హ్యాట్ వంటి సంస్థలు 2005లో ఓపెన్ ఇన్వెన్షన్ నెట్‌వర్క్‌ను స్థాపించాయి. లినక్స్ విషయంలో ఒకరి మీద ఒకరు పేటెంట్లు ప్రయోగించకూడదన్నది సభ్యుల ఒప్పందం. 2018 అక్టోబరులో మైక్రోసాఫ్టే 60,000 పేటెంట్లతో అందులో చేరింది. మరుసటి ఏడాది ఫాట్ వారసుడైన ఎక్స్‌ఫాట్ సాంకేతిక వివరాలను బయటపెట్టింది.

ఇక మన దేశానికి వస్తే, భారత పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటు రాదు. 2004 డిసెంబరు ఆర్డినెన్సు ఈ నిషేధాన్ని సడలించింది గానీ, 2005లో పార్లమెంటు ఆ సడలింపును ఆమోదించలేదు. అది సరైన నిర్ణయం. అయినా తగవు తెగలేదు. సాంకేతిక ప్రభావం చూపగలిగిన ఆవిష్కరణను ప్రోగ్రాము మీద ఆధారపడిందన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని 2019లో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.