ఆయన రాశారు... ఆమె నిలబెట్టారు!

పగలు బడిలో పాఠాలు. ఆ తరవాత సొంత పత్రిక పనులు. వాటి మధ్యే నవలా రచన! ఈ మూడు పడవల ప్రయాణం చేసింది రాజమండ్రికి చెందిన కందుకూరి వీరేశలింగం. 1874లో ఆయన ‘వివేకవర్ధని’ పత్రిక ప్రారంభించారు. 1878లో అందులోనే ‘రాజశేఖర చరిత్రము’ నవల విడతలుగా మొదలైంది. ధవళేశ్వరం నేపథ్యంగా సాగే ఆ కథ 1880లో పుస్తకమైంది.

ఇదంతా ఆయన ఒక్కరివల్లే అయిందా? కాదు, ఇంట్లో రాజ్యలక్ష్మి ఉన్నారు. పుట్టింటి పేరు బాపమ్మ. 1861లో పెళ్లయ్యేనాటికి వీరేశలింగానికి 13 ఏళ్లే. ఆమె ఇంకా చిన్నపిల్ల.

అసలు పరీక్ష 1881 డిసెంబరు 11న ఎదురైంది. పత్రికలో రాసింది చేసి చూపించాల్సిన రోజది. తమ ఇంట్లోనే తొలి వితంతు వివాహం జరిపించారు ఆ దంపతులు. ఊరు భగ్గుమంది. అయినవాళ్లు ముఖం చాటేశారు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు పని మానేశారు. రాజ్యలక్ష్మి బెదరలేదు. బిందె తీసుకుని తానే గోదావరికి వెళ్లారు. పెళ్లివారికి తానే వండి పెట్టారు.

ఆ తరవాతా అంతే. సొంత బిడ్డలు లేని ఆమె, ఆశ్రయం కోరి వచ్చిన ఆడపిల్లలకు అమ్మయ్యారు. 1910లో ఆమె కన్నుమూశారు. భార్య అండగా నిలిచిన తీరును వీరేశలింగం తన ‘స్వీయచరిత్రము’లో మనసారా రాసుకున్నారు.

పుస్తకాల మీద ఉండేది ఆయన పేరే. వాటి వెనక ఆ నీళ్లబిందె కూడా ఉంది!