వృద్ధుల ఆరోగ్యం – నృత్యం: కోలాటం ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వయసు పైబడేకొద్దీ కండరాల బలం, శరీర సమతౌల్యం తగ్గుతాయి. కిందపడే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు 65 ఏళ్లు దాటినవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి శారీరక శ్రమను, దానిలో భాగంగా వారానికి మూడు రోజులైనా సమతౌల్యాన్నీ బలాన్నీ పెంచే వ్యాయామాన్ని సూచించాయి. నడక మొదటి అవసరాన్ని తీర్చినంతగా రెండవదాన్ని తీర్చదు. ఆ లోటును నృత్యం ఎంతవరకు పూరించగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పరిశోధనల ఫలితాలు

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో 75 ఏళ్లు పైబడిన 469 మందిపై జరిగిన దీర్ఘకాలిక అధ్యయనం 2003లో ప్రచురితమైంది. పరిశీలించిన శారీరక కార్యకలాపాలన్నింటిలో డిమెన్షియా ముప్పు తగ్గుదలతో సంబంధం కనబడినది నృత్యానికి మాత్రమే. అయితే ఇది సంబంధమే తప్ప కార్యకారణ నిరూపణ కాదు. మతిమరపు తొలిదశలో ఉన్నవారు ముందే నృత్యానికి దూరమై ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేము.

జర్మనీలోని మాగ్డెబర్గ్ పరిశోధకులు 2017లో మరో అధ్యయనాన్ని ప్రచురించారు. 18 నెలలపాటు ఒక బృందం నిరంతరం కొత్త నృత్యరీతులను నేర్చుకోగా, మరొక బృందం ఒకే తరహా వ్యాయామాలను కొనసాగించింది. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ పరిమాణం రెండు బృందాల్లోనూ పెరిగింది. సమతౌల్యం మాత్రం నృత్యబృందంలోనే మెరుగుపడింది. పాల్గొన్నవారు కొద్దిమందే అయినా, నిత్యం కొత్తది నేర్చుకోవడానికి ఉన్న ప్రాధాన్యాన్ని ఈ ఫలితం సూచిస్తున్నది.

3. కోలాటంలోని సామ్యం

పై అధ్యయనాలు పాశ్చాత్య సమాజాలకు చెందినవి. వాటిలో ప్రయోజనకరంగా కనిపించే అంశాలు తెలుగువారి కోలాటంలోనూ ఉన్నాయి. ఆడేవారు వలయంలో కదులుతూ, పాట లయకు అడుగు వేస్తూ, ఎదుటివారి కోలకు తమ కోలను తగిలిస్తారు. కోపు మారినప్పుడు అడుగు, దిశ, జత మారుతాయి. బరువు ఒక కాలి నుండి మరొక కాలికి మారడం సమతౌల్యానికి, వరుసను గుర్తుంచుకోవడం జ్ఞాపకశక్తికి, జతగాడిని గమనించడం ఏకాగ్రతకు సాధన అవుతాయి. జడకోలాటంలో అల్లిన తాళ్లను మళ్లీ విప్పాలంటే వచ్చిన వరుసను వెనుక నుండి స్మరించుకోవాలి. ఒక్కరు తప్పినా వలయం చెదురుతుంది కనుక ప్రతి ఒక్కరి ఉనికికీ విలువ ఉంటుంది. ఒంటరితనంతో బాధపడే వృద్ధులకు ఈ అనుభవం వ్యాయామంకంటే తక్కువైనది కాదు.

4. పరిమితులు – ముగింపు

కీళ్లనొప్పులు, ఎముకల పెళుసుదనం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహాతోనే ప్రారంభించాలి. చదునైన నేల, నిదానమైన లయ అవసరం. నిలబడలేనివారు కుర్చీలో కూర్చుని చేతులతో లయ పట్టవచ్చు. 2001లో బ్రూక్లిన్‌లో పార్కిన్సన్ రోగుల కోసం ప్రారంభమైన నృత్యశిక్షణలో ఈ పద్ధతి ఉన్నది.

నృత్యం ఔషధానికి ప్రత్యామ్నాయం కాదు. కానీ దేహాన్నీ మెదడునూ సాంగత్యాన్నీ ఒకేసారి కలిపే సాధనాలు అరుదు. ‘ఈ వయసులో ఆటలేమిటి’ అనే మాటతో వృద్ధులను వలయం వెలుపల ప్రేక్షకులుగా కూర్చోబెట్టే సమాజం వారికి అందుబాటులో ఉన్న ఒక ఆరోగ్యసాధనాన్ని దూరం చేస్తున్నది. కోలాటాన్ని కళారూపంగానే కాక వృద్ధుల ఆరోగ్య దృష్టితోనూ జానపద, వైద్య పరిశోధకులు కలిసి పరీక్షించవలసి ఉన్నది.