బిడ్డలు ముందుగా చదివేది మన ముఖాలనే

పలకా బలపం పట్టకముందే బిడ్డలు ఇంట్లోవాళ్ల ముఖాలు చదవడం మొదలుపెడతారు. అమ్మ నవ్వితే నవ్వడం, నాన్న కనుబొమలు ముడిస్తే బెదరడం అక్కడే నేర్చుకుంటారు. మరి ఆ ఇంట్లో రోజూ తిట్లూ దెబ్బలే అయితే? లేదా బిడ్డను పట్టించుకునే దిక్కే లేకపోతే?

ఈ సంగతిని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన సేత్ పోలాక్, ఆయన తోటివారు పరిశీలించి 2000లో వెల్లడించారు. బడి ఈడు రాని పిల్లలకు చిన్న కథలు చెప్పి, ఆ కథకు తగిన ముఖాన్ని ఫోటోల్లో చూపమన్నారు. ఆలనాపాలనా లేని పిల్లలు ఏ ముఖంలో ఏ భావముందో తేల్చుకోలేక తికమకపడ్డారు. దెబ్బలు తిన్న పిల్లలు కోపపు ముఖం వైపే ఎక్కువగా మొగ్గారు. 2002లో మసక ఫోటోలను మెల్లమెల్లగా స్పష్టం చేస్తూ చూపిస్తే, దెబ్బలు తిన్న పిల్లలే కోపాన్ని మిగతావారికన్నా ముందుగా పసిగట్టారు.

ఇది తెలివితక్కువతనం కాదండీ. దెబ్బ ఎప్పుడు పడుతుందోనని భయపడే బిడ్డకు అదొక రక్షణ. కానీ బడిలో అదే చిక్కు తెస్తుంది. తోటి పిల్లాడు పొరపాటున తగిలినా కొట్టాడనుకుని తిరగబడతాడు. మనమేమో "మొండి ఘటం" అని పేరు పెట్టేస్తాం.

మన కడప జిల్లా నుంచి ఎందరో తల్లులు కువైట్‌లో ఇంటిపనులకు పోతున్నారు. పొట్టకూటి కోసం పోవడం తప్పు కాదు. అవ్వ దగ్గర పెరిగినంత మాత్రాన బిడ్డలు చెడిపోరు. ఏడిస్తే ఎత్తుకుని, అడిగితే జవాబిచ్చే మనిషి ఒకరు నిలకడగా ఉండాలి, అంతే. రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశీలన కూడా ఇదే చెప్పింది. అక్కడ అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని పెంపుడు ఇళ్లకు పంపారు. ఆశ్రమాల్లో ఉండిపోయినవారికన్నా వాళ్లు తెలివితేటల్లోనూ, పెద్దలతో అనుబంధంలోనూ మెరుగయ్యారు.

మనం చేయదగ్గవి చూడండి:

* మీ మనసును మాటల్లో చెప్పండి. "పాలు పొంగిపోయాయని విసుగొచ్చింది, నీ మీద కాదు నాన్నా" అంటే బిడ్డకు తేడా తెలుస్తుంది.

* అన్నం తినిపిస్తూ కథ చెప్పేటప్పుడు "ఇప్పుడు కుందేలుకు ఎలా ఉంటుంది?" అని అడగండి.

* మొగుడూ పెళ్లాలు మాటామాటా అనుకుంటే, రాజీ పడటం కూడా బిడ్డల కళ్లముందే జరగనీయండి.

* దూరాన ఉన్న తల్లి ఫోనులో "బాగా చదువుతున్నావా?" అనే కాక, "ఈరోజు నీకు ఏడుపొచ్చిందా? ఎందుకు?" అని కూడా అడగాలి.

ఎక్కడైనా బిడ్డ దెబ్బలు తింటున్నట్టు తెలిస్తే "వాళ్లింటి గొడవ మనకెందుకు" అనుకోకుండా 1098కి ఫోను చేయండి. ఆ బిడ్డకు ప్రపంచంలో కోపం కాక వేరే ముఖాలూ ఉన్నాయని తెలియాలి కదా!