ఈమ్ చర్చి – రాయి లేని సమాధులు



మన ఊళ్ళలో చర్చి ఎంత చిన్నదైనా ఆదివారం జనంతో నిండుతుంది. సమాధుల దొడ్డి మాత్రం ఎవరైనా పోయినప్పుడే గుర్తొస్తుంది. మా నాయనమ్మ సమాధికి రాయి లేదు. పక్కనున్న వేపచెట్టే గుర్తు. ఇంగ్లాండులోని ఈమ్ అనే పల్లె చరిత్ర చదివినప్పుడు నాకు ఆ చెట్టే కళ్ళముందు మెదిలింది.

ఈమ్ డెర్బీషైర్ ప్రాంతంలో, కొండల మధ్య ఉంది. ఒకప్పుడు అక్కడ సీసపు గనుల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువ. ఊరి చర్చి పేరు సెయింట్ లారెన్స్. దాని ఆవరణలో సుమారు 8వ శతాబ్దం నాటి రాతి శిలువ ఇప్పటికీ నిలిచి ఉంది.

1665లో లండన్‌లో ప్లేగు చెలరేగింది. అక్కడి నుంచి ఈమ్‌లోని ఒక దర్జీకి బట్టల మూట వచ్చింది. దాన్ని విప్పి ఆరబెట్టిన పనివాడు జార్జ్ వికార్స్ సెప్టెంబరు మొదటి వారంలోనే చనిపోయాడు. ఎలుకల మీద బతికే చిన్న పురుగులు ఆ బట్టల్లో వచ్చాయని చెబుతారు. ప్లేగు క్రిమిని శాస్త్రజ్ఞులు కనుక్కున్నది 1894లో. కాబట్టి ఆనాటి వాళ్ళకు కారణం తెలియదు.

1666 జూన్‌లో పాస్టరు విలియం మాంపెసన్, అంతకు ముందు పాస్టరుగా ఉన్న థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్ళను మూడు కట్టుబాట్లకు ఒప్పించారు. ఒకటి, ఎవరూ ఊరి హద్దు దాటకూడదు. రెండు, చర్చికి తాళం వేసి, బయట లోయలో దూరదూరంగా నిలబడి ప్రార్థన చేసుకోవాలి. మూడు, ఎవరి శవాన్ని వాళ్ళే ఇంటి దగ్గరో పొలంలోనో పూడ్చుకోవాలి. పొరుగువాళ్ళు ఆహారం హద్దురాయి దగ్గర పెట్టి వెళ్ళేవారు. ఊరివాళ్ళు రాతి గుంటల్లో వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవారు.

ఆ ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు బిడ్డలను తన చేతులతోనే పూడ్చింది. పాస్టరు భార్య కేథరిన్ కూడా అదే నెలలో చనిపోయింది. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. పద్నాలుగు నెలల్లో సుమారు 260 మంది పోయారు. కానీ జబ్బు చుట్టుపక్కల ఊళ్ళకు పాకలేదు.

వాళ్ళలో చాలామందికి సమాధిరాయి లేదు. అయినా 350 ఏళ్ళు దాటాక కూడా వాళ్ళ పేర్లు మనకు తెలుస్తున్నాయి. ఎందుకంటే చర్చి రిజిస్టరులో ఒక్కొక్కరి పేరూ రాసిపెట్టారు. నేటికీ ఆగస్టు చివరి ఆదివారం ఈమ్‌లో వాళ్ళను తలచుకుంటారు.

తమ్ముళ్ళూ! రాయి చెక్కించడానికి డబ్బు కావాలి. పేరు రాయడానికి నోటుపుస్తకం చాలు. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని సమాధుల దొడ్డికి వెళ్ళండి. ఎవరు ఎక్కడ ఉన్నారో అడిగి రాసుకోండి. చెప్పగలిగిన వాళ్ళు ఉన్నప్పుడే ఆ పని చేయాలి. నేను మా నాయనమ్మ పేరుతో మొదలుపెట్టాను.