పథ్యం చీటీలో లేని కంచం

హైదరాబాద్‌లోని తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కన ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకు ఏర్పడిన చిన్న విభాగంగా మొదలై, 1958లో ఇక్కడికి తరలివచ్చింది. దేశ ప్రజలు ఏమి తినాలి, ఎంత తినాలి అన్న సర్కారు లెక్కలకు చాలావరకు ఈ సంస్థ పట్టికలే ఆధారం కనుక, ప్రజావైద్యంలోని వివక్షను గురించిన విచారణను ఇక్కడినుంచి ఆరంభించడం సముచితమే. రోగిని తాకడానికి వెనుకాడిన చేతిలో వివక్ష ఉన్నదని ఎవరైనా గుర్తిస్తారు. అందరికీ ఒకటే అనుకొని రాసిన పథ్యం చీటీలో అది కంటికి కనిపించదు.

ఈ కనిపించని వివక్షకు విరుగుడుగా ‘సాంస్కృతిక భద్రత’ అనే భావనను 1980ల చివర న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ రూపొందించగా, 1992లో ఆ దేశ నర్సింగ్ మండలి దానిని నర్సుల శిక్షణలో చేర్చింది. రోగి ఆచారాలను వల్లెవేయడం కన్నా, వైద్యం చేసేవారు తమ పెంపకం నేర్పిన ఇష్టాయిష్టాలను, తమ చేతిలోని అధికారాన్ని గుర్తెరగడం ముఖ్యమని, అందిన సేవ భద్రంగా ఉన్నదో లేదో తేల్చవలసింది దానిని పొందినవారేనని ఈ భావన చెబుతుంది.

తార్నాక సంస్థలోనే ఈ దిశగా లోతైన ఆత్మవిమర్శ సాగింది. చాలినన్ని కేలరీలు అందితే తిండిగింజలు, పప్పుల కలయికతోనే మాంసకృత్తుల అవసరం తీరగలదని సి. గోపాలన్ నాయకత్వంలోని పరిశోధనలు చూపగా, పేదల ఆకలిని చవకగా లెక్కగట్టే విధానాలకు ఆ వాదం ఊతమైందని, అగ్రవర్ణ శాకాహార అభిరుచులే దేశమంతటి ఆహార ప్రమాణంగా స్థిరపడ్డాయని, అదే సంస్థలో దీర్ఘకాలం పనిచేసిన వైద్యురాలు వీణా శత్రుఘ్న విమర్శించారు. గోపాలన్, ఆయన సహరచయితలు 1971లో వెలువరించిన భారతీయ ఆహారాల పోషక విలువల పట్టికలో గొడ్డు మాంసానికి కూడా లెక్కలున్నాయి. అయినా బాలింతకు ఇచ్చే సలహా సాధారణంగా పాలు, పప్పు, ఆకుకూర, పండ్ల దగ్గరే ఆగిపోతుంది. ఎండుచేప, తలకాయ కూర, పెద్దకూర తిని బలం పుంజుకునే ఇంటి మనిషి ఆ చీటీ చదివినప్పుడు, పండ్లు కొనే స్తోమత తనకు లేదన్న చింతతో పాటు, తాను తినేది చెప్పుకోదగినది కాదన్న సంకోచం కూడా మూటగట్టుకొని ఇంటికి వెళ్లవలసి వస్తుంది. ఈ రెండో బరువు ఏ రక్తపరీక్షలోనూ తేలదు. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల్లో పాలతో పాటు గుడ్డును కూడా భోజనంలో చేర్చడం ఈ కోణంలో గట్టి ముందడుగు.

భాష కూడా ఇలాంటిదే. 1918లోనే ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్యను, వైద్యాన్ని సైతం బోధించి సాహసమే చేసింది గాని, నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది ఇంటి మాట తెలుగు కావడం వల్ల రోగి మాటకూ వైద్యుడి మాటకూ మధ్య ఎడం తీరలేదు. తరువాత ఇంగ్లీషు వచ్చి దానిని మరింత పెంచింది. తెల్లబట్ట అవుతోందని పరాయి మనిషి ముందు నోరు విప్పలేని స్త్రీ ‘నీరసంగా ఉంది’ అని మాత్రమే అంటుంది, ఆ మాట వెనుక ఏమున్నదో అడిగే తీరిక లేనిచోట బలం మాత్రలతో సరిపెట్టుకొని వెనుదిరుగుతుంది. నగరంలోని మహిళా బృందాలు తెలుగులో తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ అనే ఆరోగ్య గ్రంథం విలువ ఇలాంటి సందర్భంలోనే తెలిసివస్తుంది.

చట్టమే అనుమానించిన వారి స్థితి ఇంకా కఠినం. హిజ్రాల పేర్లను పోలీసు రిజిస్టరులో నమోదు చేయించి, వారెంటు లేకుండా అరెస్టు చేయనిచ్చిన 1329 ఫస్లీ, అంటే 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో మాత్రమే కొట్టివేసింది. పేరు చెప్పడమే ప్రమాదంగా బతికినవారికి ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడి పేరు, లింగం చెప్పడం సులువు కాదు. 2022 చివర్లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో చేరడం అందుకే చిన్న వార్త కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణకు 2019లో వచ్చిన కేంద్ర చట్టం వారి ఆరోగ్య సమస్యల దృష్ట్యా వైద్యవిద్య పాఠ్యక్రమాన్ని సమీక్షించాలని ఆదేశిస్తోంది. పాఠ్యక్రమాన్ని ఎలాగూ తెరిచినప్పుడు, పథ్యం రాయడానికి ముందు ‘మీ ఇంట్లో ఏం వండుకుంటారు?’ అని అడగడం నేర్పే పాఠాన్ని కూడా అందులో చేర్చడానికి అడ్డేమీ లేదు.