బస కొండమీద వద్దు, కింద పెట్టుకోండి

అనంతపురం నుంచి బైకుల మీద హార్స్‌లీ కొండకు పోయే పిలగాళ్లు శానామంది పైనే రూము యెతుకుతారు. (మన పెద్దోళ్లకు అది ఏనుగుమల్లమ్మ కొండ. దొర పేరు తర్వాత తగిలించిందే.) నా మాటింటే మొదటి రాత్రి కదిరిలో ఆగండి, తిమ్మమ్మ మర్రిమాను ఆడినుంచి గంటలోపే. రెండో రాత్రికి మదనపల్లె. మెకానిక్కు, పంచరుషాపు, రాత్రిపూట తిండి అన్నీ దొరుకుతాయి. కొండ 30 కిలోమీటర్లకు అటూఇటూ. బ్యాగులు రూములో పడేసి పొద్దున పైకి పోండి.

భయమంతా దిగేటప్పుడే. సామాన్ల బరువుతో, బ్రేకు తొక్కిపట్టి మలుపులన్నీ దిగితే అది కాగి పట్టు వదిలేస్తాది. పెట్రోలు మిగులుతాదని ఇంజను ఆపి దిగేటోళ్లూ ఉండారు! రెండో గేరులో, ఇంజను నడుస్తాండంగానే, పొద్దు గుంకకముందే దిగాల. కొండ మబ్బులో మునిగింటే తొందరెందుకు, మదనపల్లెలోనే ఇంకో టీ తాగండి.